విశాఖరేవు - రాతినూనె

అచ్చంపేటలో ఒక రైతు తన ట్రాక్టరునకు డీసెలు పోయించుకొనుచున్నాడనుకొందము. ఈ నూనె యెక్కడిదని యడిగినచో అతడు బంకుదనును. బంకువాని నడిగినచో హైదరాబాదునుండి లారీలో వచ్చినదనును. అంతకు వెనుకకు పోయి యడుగువారు మనలో అరుదు. ఇప్పటి పెద్దల చిన్ననాట ఇంటింటను గ్యాసునూనె దీపము వెలిగెడిది. కోస్తావారు దానినే కిరసనాయిలందురు. సీసా చేతబట్టుకొని కోటాదుకాణము ముందు వరుసలో నిలిచిన దినములు చాలమందికి జ్ఞాపకముండును. ఆనాడును అది యెక్కడనుండి వచ్చుచున్నదని మన మడుగలేదు. వచ్చినదా, లేదా యని మాత్రమే అడిగితిమి.

ఆ నూనె మనకు చేరు దారులలో ముఖ్యమైనదొకటి విశాఖపట్టణపు రేవున మొదలగును. అచ్చటినుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు సుమారు 570 కిలోమీటర్ల పొడవున భూమిలో ఒక గొట్టము పాతియున్నది. పూర్వపు నల్లగొండ జిల్లా నేల క్రిందనుండియే అది పోవును. పెట్రోలు, డీసెలు, కిరసనాయిలు అను మూడును ఆ యొక్క గొట్టములోనే ఒకదాని వెంట నొకటి నడచును. రెండింటి నడుమ కలిసిపోయిన కొంత భాగమును వేరుచేసి మరల శుద్ధికి పంపుదురు. ఈ ప్రసంగమున ఆ గొట్టము మొదటికి పోయి, ఆ రేవు ఎట్లు పుట్టినది, అచ్చటికి నూనె ఎట్లు వచ్చినది, దానివలన ఆ యూరివారు ఏమి పొందిరి, ఏమి పోగొట్టుకొనిరి అను సంగతులు చెప్పుదును.

కలకత్తాకును మద్రాసుకును నడుమ తూర్పుతీరమున పెద్ద ఓడ నిలువదగిన రేవు పూర్వము లేకుండెను. ఓడలు నడిసముద్రమున లంగరు వేసి నిలిచెడివి. బెస్తవారు మసూలాపడవలలో అలలను దాటి పోయి సరకు దింపుకొని వచ్చెడివారు. విశాఖలో మాత్రము ప్రకృతి కొంత సాయము చేసినది. అచ్చట యారాడకొండ కొస సముద్రములోనికి ముక్కువలె పొడుచుకొని వచ్చియున్నది. దొరలు దానికి డాల్ఫిను ముక్కని పేరు పెట్టిరి. ఆ కొండచాటున మేఘాద్రిగెడ్డ సముద్రమున కలియుచోట పెద్ద బాడవ యుండెను. ఆ బాడవను లోతుచేసినచో కొండచాటున ఓడలు క్షేమముగా నిలుచునని బ్రిటిషు నౌకాశాఖకు చెందిన కర్నలు కార్ట్‌రైట్ రీడు 1922లో నివేదిక వ్రాసెను. బెంగాలు నాగపూరు రైల్వేవారు ఆ పని చేపట్టిరి.

పనిలో పెద్ద చిక్కు ఇసుక. ఆ తీరమున అలలు ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు తోసికొని పోవును. ఎంత త్రవ్వినను రేవునోరు మరల పూడును. ఇంజనీర్లు రెండు పాత ఓడలను తెచ్చి, రేవునోటికి దక్షిణమున సముద్రములో ముంచి, వానినే అడ్డుకట్టగా చేసిరి. ఇసుక ఆ యోడల చాటున ఆగును. దానిని యంత్రములతో తోడి ఆవలికి పోయుదురు. నేటికిని ఆ రేవున ఇసుక తోడుట మానిన దినము లేదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అను ఓడ మొదట లోనికి వచ్చెను. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. మధ్యరాష్ట్రముల మాంగనీసు రాయి రాయపూరు రైలుమార్గమున వచ్చి ఇచ్చటినుండి పై దేశములకు పోయెడిది. అనగా ఈ రేవు పుట్టినది నూనె కొరకు కాదు, రాయి కొరకు.

నూనె తరువాత వచ్చెను. కాల్టెక్స్ అను అమెరికా కంపెనీ 1953లో భారతప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, రేవు ప్రక్కనే శుద్ధికర్మాగారమును కట్టెను. కాలిఫోర్నియా, టెక్సాసు అను రెండు పేర్లు కలియగా ఆ కంపెనీ పేరైనది. 1957లో పని మొదలుపెట్టిననాడు దాని శక్తి ఏటికి 6 లక్షల 75 వేల టన్నులు. తూర్పుతీరమున అట్టిది అదియే మొదటిది. తరువాత పలుమార్లు పెంచగా నేడు ఏటికి 150 లక్షల టన్నులకు వచ్చినది. నేడు ముడినూనె తెచ్చు పెద్ద ఓడలు రేవులోనికి రానక్కరలేదు. అవి దూరముగా సముద్రముననే నిలిచి, నీటిపై తేలు పీపాకు గొట్టము తగిలించి, సముద్రగర్భమునుండియే నూనె దింపును. మసూలాపడవల కాలపు పద్ధతియే వేరొక రూపమున తిరిగివచ్చినట్లు నాకు తోచును.

శుద్ధి యనగా నేమి? నల్లమలలో ఇప్పసారా కాచు విధము చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఈ యుపమానమునకు పెద్దలు నన్ను క్షమింతురుగాక. ఇంతకంటె దగ్గరిది నాకు దొరకలేదు. పులిసిన ఇప్పపూవును కుండలో కాచగా తేలికయైన సారము ముందుగా ఆవిరియై పైకి పోయి, చల్లదనము తగిలి బొట్లుబొట్లుగా దిగును. నీరును పిప్పియు అడుగున మిగులును. ముడినూనె కూడ అట్లే పలు తరగతుల నూనెల కలగలుపు. దానిని సుమారు 350 డిగ్రీల వరకు వేడిచేసి ఒక ఎత్తైన గోపురమువంటి తొట్టిలోనికి విడుతురు. గోపురము అడుగున వేడి హెచ్చు, పైకి పోయినకొలది తక్కువ. ఏ నూనె ఏ వేడిమికడ చల్లబడి ద్రవమగునో ఆ యంతస్తున దిగును. అన్నింటికంటె పైన వంటగ్యాసు, దాని క్రింద పెట్రోలు, దాని క్రింద గ్యాసునూనెయు విమానముల నూనెయు, ఆ క్రింద డీసెలు వరుసగా దొరకును. అడుగున నల్లగా మిగిలినదానినుండి తారు వచ్చును. శ్రీశైలము పోవు బాటపై పరచిన తారు ఆ జాతిదే. సారాబట్టికిని దీనికిని ఒక భేదము కలదు. అచ్చట పిప్పిని పారవేయుదురు. ఇచ్చట పిప్పిని కూడ అమ్ముదురు.

ఇక కాల్టెక్స్ వారి ఒప్పందమును గూర్చి ఒక సంగతి. ఆ కాలమున మనదేశమున కర్మాగారములు కట్ట వచ్చిన విదేశపు నూనెకంపెనీలు ఒక హామీని కోరి పొందినవి. ఇరువదియైదేండ్ల వరకు ప్రభుత్వము ఆ కర్మాగారములను స్వాధీనపరచుకొనరాదు. ఆ భయము వారికి ఏల కలిగినది? 1951లో ఇరాను తన నూనెను జాతీయము చేసెను. అంతకు ముందే, 1938లో, మెక్సికోలో అదియే జరిగెను. ఆ కథకు నడిబొడ్డు టాంపికో అను మరియొక రేవుపట్టణము.

టాంపికో మెక్సికో దేశపు తూర్పుతీరమున, పానుకో నది సముద్రమున కలియుచోట నున్నది. 1901లో డొహేనీ అను అమెరికావాడు దాని సమీపమున ఎబానో అనుచోట నూనె కనుగొనెను. ఇరువదేండ్లలో ఆ పట్టణము రూపు మారిపోయెను. 1921 నాటికి నూనె తీయుటలో మెక్సికో ప్రపంచమున రెండవ దేశమయ్యెను. ఆ నూనెలో పెద్దభాగము టాంపికో చుట్టుప్రక్కల బావులనుండి వచ్చి, ఆ రేవునుండియే ఓడలెక్కెను. అది తీసినవారు అమెరికా, ఆంగ్ల కంపెనీలవారు. కొలదికాలమునకే పెక్కు బావులలో నూనెకు మారు ఉప్పునీరు వచ్చుట మొదలయ్యెను. తొందరగా తీసినకొలది ఉప్పునీరు తొందరగా వచ్చినది. కంపెనీలు వెనెజులా వైపు మొగము త్రిప్పెను. మిగిలిన పనివారు కూలికై సమ్మెలు కట్టిరి. న్యాయస్థానము పనివారి పక్షమున తీర్పు చెప్పగా కంపెనీలు దానిని పాటింపమనెను. అంతట 1938 మార్చి 18న అధ్యక్షుడు లాసరో కార్డెనాసు ఆ కంపెనీల ఆస్తులను దేశపరము చేసినట్లు ప్రకటించెను. ఆయన తన ప్రకటనను రేడియోలోనే చదివెను. కంపెనీలకు పరిహారము చెల్లింపవలెను గదా! అందుకై రాజధానిలో ఆడువారు వరుసలు కట్టి నగలు, కోళ్ళు తెచ్చి యిచ్చిరి. కోళ్ళతో ఆ ఋణము తీరదని వారికిని తెలియును.

విశాఖలో అట్టి గొడవ లేకయే ఆ పని జరిగెను. 1976 డిసెంబరులో భారతప్రభుత్వము మూల్యము చెల్లించి కాల్టెక్స్ వారి కర్మాగారమును తీసికొనెను. 1978లో దానిని హిందుస్థాన్ పెట్రోలియము కంపెనీలో కలిపిరి. యజమాని మారెను గాని నూనె స్వభావము మారదు గదా. అది మండును. ఆ మాట ఇపుడు చెప్పవలసియున్నది.

నూనె మండుట ఎట్టిదో మెక్సికోవారు ముందే చూచిరి. 1908 జూలై 4న టాంపికోకు దక్షిణమున దోస్ బోకాస్ అనుచోట ఒక బావి ఒక్కసారిగా పొంగి, ప్రక్కనున్న ఆవిరియంత్రపు పొయ్యినుండి అంటుకొనెను. సుమారు రెండు మాసములు ఆ మంట ఆరలేదు. అది ఆరిన పిమ్మట బావికి మారుగా పెద్ద ఉప్పునీటి మడుగు మిగిలినది. మన కోనసీమలో పాసర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకొని 65 దినములు మండెను. అంటే ఎనుబది యేడేండ్ల తరువాతను అదే పాఠము మరల చదువవలసివచ్చినది. అందుకే భూమిలోనుండి ఏదైన వెలికితీయుదుమని ఎవరైన వచ్చినపుడు అచ్చటి జనము భయపడుట అజ్ఞానము కాదు. 2019లో అమ్రాబాదు పీఠభూమిపై యురేనియము వెదకుదురను వార్త వచ్చినపుడు అమ్రాబాదు, పదర ప్రాంతముల జనము ఎదురు నిలిచిన సంగతి మనకు క్రొత్త కాదు. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభయు దానిని వలదని తీర్మానించెను. యురేనియము వేరు, నూనె వేరు. కాని అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: కీడు కలిగినచో అది ఎవరి యింటివరకు వచ్చును?

విశాఖలో ఆ ప్రశ్నకు జవాబు 1997 సెప్టెంబరు 14, ఆదివారమునాడు వచ్చెను. తెల్లవారి ఆరుగంటలు దాటిన వేళ. ఓడనుండి నిలువతొట్లకు వంటగ్యాసు దింపుచుండగా గొట్టములో ఒకచోట అది కారెను. ఈ వాయువు గాలికంటె బరువైనది. పొగవలె పైకి పోదు. నీరువలె పల్లమునకు పారి, నేలబారున ప్రాకును. ఎంత దూరము పోయినను, నిప్పురవ్వ తగిలినచోట అంటుకొని, వచ్చినదారినే మండుచు వెనుకకు వచ్చును. నాడు అట్లే జరిగెను. తొట్లు ప్రేలినవి, కట్టడములు కూలినవి. దాదాపు అరువదిమంది మరణించిరి. మంటలు కొన్ని దినములు ఆరలేదు. చేతికందినది పట్టుకొని వేలకొలది జనము పట్టణము విడిచి పోయిరి.

ఆ వాయువే నేడు మన యిండ్లలో ఎఱ్ఱని సిలిండరులో నున్నది. 1999లో దీపము పథకము వచ్చిననాటినుండి పల్లెల ఆడువారు కట్టెలపొయ్యి పొగనుండి కొంత తప్పించుకొనిరి. అది చిన్న మేలు కాదు. వాయువునకు స్వతహాగా వాసన లేదు. కారినచో తెలియుటకై ఘాటువాసన గల పదార్థమును వేరుగా కలుపుదురు. వాసన వచ్చినచో దీపము గాని విద్యుత్తు మీట గాని ముట్టరాదు. మీట వేసినను తీసినను రవ్వ పుట్టును. తలుపులు తెరచి, సిలిండరు కట్టివేసి, బయటికి పోవలెను. అది నేలనంటి యుండును గనుక పసిపిల్లలను క్రింద కూర్చుండనీయరాదు.

విశాఖ ప్రమాదమున నన్ను ఆలోచింపజేసిన విషయము దూరము. కర్మాగారము కట్టిననాడు చుట్టును బాడవలే హెచ్చు. నలుబదియేండ్లలో మల్కాపురము, శ్రీహరిపురము మొదలగు పేటల యిండ్లు దాని చుట్టును క్రిక్కిరిసెను. ఊరే కర్మాగారము దరికి వచ్చినదని ఒకరనవచ్చును. కర్మాగారమే పెరిగి ఊరిమీదికి వచ్చినదని మరియొకరనవచ్చును. రెండును నిజమే. పనియున్నచోటికి మనిషి పోవును. నడచి పోగల దూరమున ఇల్లు కట్టుకొనును. దానిని తప్పనుట సుఖముగా దూరమున నున్నవారికే చెల్లును. కాని ఇండ్లకును తొట్లకును నడుమ ఇంత నేల విడిచిపెట్టవలెనని కొలత పెట్టి, దానిని నలుబదియేండ్లు కాపాడవలసినది ఇల్లు కట్టుకొన్న కూలివాడు కాదు. ఆ పని అధికారులది.

2013 ఆగస్టు 23న ఆ కర్మాగారముననే నీరు చల్లార్చు గోపురముకడ మరల మంట లేచెను. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. వారిలో పలువురు కంట్రాక్టు పనివారు. పాలమూరు కూలి యను పేరు దేశమంతట తెలిసినదే. ఆనకట్టలు, కాలువలు, సొరంగములు ఎచ్చట త్రవ్వినను మనవారు ఎవరో ఒకరుందురు. గుంపుమేస్త్రీ పేరు తెలియును గాని కంపెనీ పేరు తెలియదు. అట్లు పోవు యువకుని వెంట ఇంటివారు సద్దిమూట కట్టి పంపుదురు. నేనైనచో మూడు ప్రశ్నలు కూడ మూటకట్టి పంపుదును. నన్ను పనిలో పెట్టుకొన్నది ఎవరు, నా పేరు ఏ పుస్తకమున నెక్కినది, ప్రమాదపు గంట మ్రోగినచో ఏ ద్వారమున బయటికి పోవలెను? ఈ మూడింటికిని జవాబు చెప్పని మేస్త్రీ వెంట కొడుకును పంపుటకు పెద్దలు వెనుకాడవలెను.

ఇపుడు ఆ రేవున చేసిన ఒక క్రొత్త పనిని చెప్పెదను. ఇందులో మన సీమవారికి తెలిసిన విద్య యున్నది. గ్యాసును నేలమీద తొట్లలో నుంచుటకు మారు, కొండరాతిలో నూరు మీటర్లకు మించిన లోతున పెద్ద గుహలు తొలిచి, వానిలో నింపిరి. హిందుస్థాన్ పెట్రోలియము, ఫ్రాన్సుదేశపు టోటల్ కంపెనీలు కలిసి చేసిన ఆ గుహ 2007 నాటికి సిద్ధమయ్యెను. అందు 60 వేల టన్నుల గ్యాసు పట్టును. తరువాత భారతప్రభుత్వము విశాఖలోనే ముడినూనెకై వేరుగా గుహలు తొలిపించెను. యుద్ధము వచ్చి ఓడలు ఆగినచో అక్కరకు వచ్చుటకు 2015నుండి అందు నూనె నింపిరి. వానిలో 13 లక్షల 30 వేల టన్నులు పట్టును.

ఆశ్చర్యమేమనగా ఆ గుహలకు లోపల ఇనుపరేకు పూత లేదు. వట్టి రాయి. రాతికి పగుళ్ళుండును. మరి గ్యాసు ఏల బయటికి రాదు? బావి త్రవ్వించినవారికి జవాబు ఎదుటనే యున్నది. మట్టి దిగి, మొరము దిగి, రాయి తగిలిన పిమ్మట పగుళ్ళనుండి ఊట వచ్చును. బావి ఎంత తోడినను నీరు పగులునుండి బావిలోనికే వచ్చును గాని, బావినుండి పగులులోనికి పోదు. ఏలయన చుట్టునున్న రాతిలోని నీటిమట్టము బావిలోని మట్టముకంటె ఎత్తుననున్నది. గుహలోను అంతే. పది మీటర్ల లోతు నీరు ఒక వాతావరణమంత ఒత్తిడి కలిగించును. గ్యాసు ద్రవముగా నుండవలెనన్న అట్టివి ఎనిమిదో పదో కావలెను. నూరు మీటర్లు దాటిన లోతున పగుళ్ళలోని నీరు అంతకంటె గట్టిగా లోనికి త్రోయును. గ్యాసు బయటికి రాబోయిన ప్రతి పగులులోను నీరే కావలివాడు. ముడినూనెకు ఆ యొత్తిడి లేదు గనుక దాని గుహలు అంత లోతున నుండనక్కరలేదు.

ఇందులకు ఒక నియమము కలదు. రాతిలో నీరు ఎన్నడును ఎండరాదు. గుహకు పైగా వేరొక సొరంగము తొలిచి, దానినుండి సన్నని రంధ్రములు వేసి, వానిలో ఎల్లప్పుడు నీరు నింపుచుందురు. దానికి నీటితెరయని పేరు. అట్లు లోనికి ఊరిన నీరు గుహ అడుగున గుంటలో చేరును. దానిని పంపులతో పైకి తోడుదురు. చుట్టును మన బోరుబావులవంటి గొట్టములు దించి, భూమిలో నీటిమట్టము ఎంతయున్నదో విడువక కొలుచుచుందురు. ఎండకాలమున బావి అడుగంటినచో మన చేనికి నష్టము. అచ్చట మట్టము అడుగంటినచో గ్యాసు తన దారి తాను వెదకుకొనును. అందుచేత పైన నింపుట, క్రింద తోడుట అను రెండు పనులు ఆ కొండలో రేయింబవళ్ళు ఎడతెగక నడచుచున్నవి.